చనిపోయినవారి ఆధార్ సంఖ్యను మరొకరికి ఇవ్వకూడదా?

గట్టుమీది చెట్టు:
చనిపోయిన రెండు కోట్ల మందికి పైగా ఆధార్ సంఖ్యలను నిలిపివేశామని 2025 నవంబరులో ఆధార్ సంస్థ ప్రకటించింది. వాటిని ఇంకెవరికీ ఎప్పటికీ ఇవ్వరట. నాకిది వృథాగా తోస్తోంది. పుట్టేవాళ్లు పుడుతూనే ఉంటారు, పన్నెండు అంకెలు ఎన్నాళ్లు సరిపోతాయి? ఫోను నంబర్లను మళ్లీ ఇస్తున్నారు కదా, కొన్నేళ్లు ఆగి వీటినీ ఇస్తే తప్పేమిటి?

పాత గుమాస్తా:
చాలవేమోనన్న భయం అక్కర్లేదండీ. ఆధార్ సంఖ్య 0తో గాని 1తో గాని మొదలుకాదు. చివరి అంకె మిగతా పదకొండింటిని బట్టి లెక్కకట్టి వేసేది, నమోదులో పొరపాటు దొర్లితే పట్టుకోవడానికి. ఇవి పోను 8,000 కోట్ల సంఖ్యలు మిగులుతాయి. ఇచ్చినవి 140 కోట్ల పైచిలుకు. ఏటా మూడు కోట్ల చొప్పున ఇచ్చుకుంటూ పోయినా రెండు వేల ఏళ్లు దాటుతుంది.

శ్రీలత:
ఫోను నంబర్లను ఆదర్శంగా చూపించకండి, దయచేసి. నాన్నగారు మా దగ్గరికి వచ్చి ఉన్నప్పుడు ఆయన పాత నంబరుకు రీచార్జి చేయించడం మరిచిపోయాం. కొన్ని నెలలకు అది వేరొకరికి వెళ్లిపోయింది. రద్దయిన నంబరును 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇవ్వవచ్చన్నది నిబంధన. ఆధార్‌కు, బ్యాంకుకు ఉన్నది ఆ నంబరే. పింఛను డబ్బు చూసుకుందామని ఆయన ప్రయత్నించినప్పుడల్లా ఓటీపీ ఎవరో కుర్రాడికి చేరేది. ఆ అబ్బాయి మంచివాడు, ఫోను చేస్తే చదివి వినిపించేవాడు. నాన్నగారు కళ్లజోడు సవరించుకుని క్యాలెండరు వెనక రాసుకునేవారు. అందరికీ అలాంటివాడే దొరుకుతాడా?

గట్టుమీది చెట్టు:
అది ఫోను కంపెనీల పద్ధతిలోని లోపం. ప్రభుత్వం దగ్గర ఒకే జాబితా ఉంటుంది, పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తే చాలు.

పాత గుమాస్తా:
ఒకే జాబితా అన్నారు కాబట్టి ఓటరు కార్డుల సంగతి చెప్పాలి. ఒకే కార్డు సంఖ్య వేర్వేరు రాష్ట్రాల ఓటర్లకు ఉందని 2025 మార్చిలో పెద్ద గొడవైంది. వివరాలన్నీ ఒక్కచోటికి చేరకముందు కొన్ని రాష్ట్రాలు ఒకే అక్షరాల వరుసను వాడాయని ఎన్నికల సంఘమే చెప్పింది. నియోజకవర్గం, పోలింగ్ కేంద్రం వేరు గనుక అది దొంగ ఓటు కాదంది. ఒప్పుకుందాం. అయినా వాళ్లకు కొత్త సంఖ్యలు ఇస్తామనక తప్పలేదు. పొరపాటున రెండుసార్లు ఇచ్చినందుకే ఇంత జరిగితే, కావాలని ఇస్తే? చనిపోయినాయన పొలం పత్రం, బ్యాంకు ఖాతా, కోర్టు దావా ఆ సంఖ్యతోనే ఉంటాయి. పేరు కొట్టేసినంత మాత్రాన అవి చెరిగిపోవు.

గట్టుమీది చెట్టు:
పొలం పత్రం మాట ఆలోచించలేదు. సరే, తిరిగి ఇవ్వవద్దు. కానీ చనిపోయినా ఇంకా చెల్లుతున్న సంఖ్యల మాటేమిటి?

శ్రీలత:
మరణ వార్తను కుటుంబసభ్యులే మైఆధార్ పోర్టల్‌లో తెలిపే వీలు 2025లో వచ్చింది. మా అమ్మమ్మది ఇంకా చేయలేదు. ధ్రువపత్రం బీరువాలోనే ఉంది, ఈ ఆదివారం కూర్చుని చేస్తాను.