వాటర్‌గేట్ ఆకాశరామన్న: మార్క్ ఫెల్ట్ ఒక్కడేనా?

ప్రశ్న: వడపళని పాఠకుడు

చెన్నైలో మా తెలుగు పాఠకుల బృందం వచ్చే ఆదివారం వాటర్‌గేట్ మీద (1972లో డెమొక్రాటిక్ పార్టీ ఆఫీసులో దొంగలు పట్టుబడడంతో మొదలై అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాతో ముగిసిన కుంభకోణం) చర్చ పెట్టుకుంది. ‘డీప్ థ్రోట్ (వాషింగ్టన్ పోస్ట్‌కి రహస్యంగా సంగతులు చెప్పినవాడి మారుపేరు) అంటే ఎఫ్‌బీఐ అధికారి మార్క్ ఫెల్టే’ అన్న పక్షం నాకు వచ్చింది. 2005 మే 31న వానిటీ ఫెయిర్ పత్రిక పేరు బయటపెట్టడం, అదే రోజు వాషింగ్టన్ పోస్ట్ అవునని ఒప్పుకోవడం తెలుసు. ఎదుటి పక్షం టేపుల సంగతి పట్టుకుంటుందట: 1973 జూన్‌లో ఎఫ్‌బీఐ నుంచి దిగిపోయినవాడికి నిక్సన్ సంభాషణలు రికార్డు చేసిన టేపులో కొంత చెరిపేశారన్న విషయం నవంబరులో ఎలా తెలుస్తుంది? నిలబడే జవాబు ఉందా?

జవాబు: పాతపేపర్లు

ముందు మీ వాదాన్ని రెండుగా విడగొట్టండి. పోస్ట్ విలేఖరి వుడ్‌వర్డ్ గరాజ్‌లో రహస్యంగా కలిసిన మనిషి ఫెల్ట్ అన్నది ఒకటి. డీప్ థ్రోట్ పేరు మీద వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ రాసిన ‘ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్’ పుస్తకంలో ఉన్న ప్రతి ముక్కా ఫెల్టే చెప్పాడన్నది ఇంకొకటి. మొదటిది తేలిపోయింది. రెండోది మీరు నెత్తికెత్తుకోకండి, అక్కడే బోల్తా పడతారు.

మొదటిదానికి బలం ఇదీ. ఎఫ్‌బీఐ అధిపతి హూవర్ 1972 మే 2న పోయాడు, దొంగలు పట్టుబడింది జూన్ 17న. మధ్యలో నిక్సన్ బయటివాడైన ప్యాట్రిక్ గ్రేని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. రెండో స్థానంలో ఉన్న ఫెల్ట్ బల్ల మీదుగానే దర్యాప్తు కాగితాలు నడిచేవి. అక్టోబరు 10న పోస్ట్ వేసిన వార్త, ఎదుటి పార్టీ మీద వేగులనీ విధ్వంసాన్నీ నడిపారన్నది, ఎఫ్‌బీఐ కనిపెట్టిన సంగతులుగానే వచ్చింది. అక్టోబరు 19నాటి టేపులో వైట్‌హౌస్ ముఖ్య అధికారి హాల్డ్‌మన్ నిక్సన్‌కి ఫెల్ట్ పేరే చెబుతాడు. మరి ఎందుకు ఊరుకున్నారంటారా? కదిలిస్తే తనకు తెలిసినదంతా కక్కేస్తాడని భయం.

1976 గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ పెట్టాలో లేదో తేల్చే పౌరుల బృందం) ఘట్టం కూడా చెప్పండి. వేరే కేసులో సాక్ష్యం ఇస్తుంటే ఒక జ్యూరీ సభ్యుడు ‘డీప్ థ్రోట్ మీరేనా’ అని అడిగాడు. ఫెల్ట్ మొహంలో రంగు మారిపోయింది. పాటింగర్ అనే ప్రభుత్వ న్యాయవాది ఫెల్ట్ దగ్గరికెళ్లి, ప్రమాణం మీద ఉన్నావు, కావాలంటే ఆ ప్రశ్న తీయించేస్తానని చెవిలో చెప్పాడు. తీయించెయ్యమన్నాడు. పాటింగర్ ఆ గుట్టు ఏళ్ల తరబడి బయటపెట్టలేదు.

జవాబు: అడ్డప్రశ్న

అక్టోబరు టేపు రుజువు చేసేది అనుమానాన్నే, ఆ తేడా ఎదుటివాళ్లు వదలరు. ఇంకో మూడు చోట్ల కూడా పట్టుకుంటారు.

బాల్కనీ: కలవాలంటే వుడ్‌వర్డ్ ఎర్రజెండా గుచ్చిన పూలకుండీని వెనక్కి జరిపేవాడట. ఆ అపార్ట్‌మెంట్ బాల్కనీ లోపలి ఖాళీ స్థలం వైపు ఉంది, వీధిలోంచి కనిపించదు. ఎఫ్‌బీఐ రెండో అధికారి రోజూ ఎలా చూశాడు? వుడ్‌వర్డ్ కూడా దీనికి సూటిగా చెప్పలేకపోయాడు. దగ్గర్లోని రాయబార కార్యాలయం మీద నిఘా పెట్టినవాళ్లు చూసి చెప్పి ఉంటారని ఊహ.

నోట్సు: వుడ్‌వర్డ్ కాగితాలు టెక్సాస్ యూనివర్సిటీకి చేరాక, ఫెల్ట్ కింద పెట్టిన ఒక నోట్సు న్యాయశాఖ అధికారి శాంటరెల్లిదని గ్రే కొడుకు పట్టుకున్నాడు. శాంటరెల్లి ఒప్పుకున్నాడు కూడా. పేరు లేని కాగితం పొరపాటున ఆ దొంతరలో పడిందని అటువైపు సమాధానం.

టేపు: ఇదే గట్టిది. చెరిగిన భాగం పద్దెనిమిదిన్నర నిమిషాలు. కోర్టుకి తెలిసింది నవంబరు 21న, పుస్తకం ప్రకారం వుడ్‌వర్డ్‌కి ఆ నెల మొదటి వారంలోనే ఉప్పందింది. అప్పటికి వైట్‌హౌస్‌లోనే అతి కొద్దిమందికి తెలుసు.

జవాబు: పాతపేపర్లు

టేపు విషయంలో బుకాయించకండి. ఫెల్ట్‌కి పాత సిబ్బందితో సంబంధాలు తెగలేదు, మాట చెవిన పడి ఉండొచ్చు, అంతకు మించి చెప్పడానికి లేదు. ఆ ఒక్క ముక్క వేరేవాళ్లదే అయినా గరాజ్ మనిషి మారడు. ఇంతే మీ జవాబు.

జవాబు: ఎగ్మూరు

కాగితం మీద ఐదు గడులు గీయండి: తేదీ, చోటు, చెప్పిన సంగతి, ఆ రోజుకి అది ఎవరెవరికి తెలుసు, వాళ్ల నుంచి ఎవరికి పారుతుంది. నాలుగో గడి దగ్గరే అందరూ తప్పటడుగు వేస్తారు, తర్వాత బయటపడిన సంగతిని ఆ రోజే తెలిసినట్టు రాసేస్తారు. 2003లో ఇల్లినాయ్ యూనివర్సిటీ విద్యార్థులు ఏళ్ల తరబడి ఇలాంటి పనే చేసి డీప్ థ్రోట్ అంటే వైట్‌హౌస్ న్యాయవాది ఫ్రెడ్ ఫీల్డింగ్ అని తేల్చారు. మనిషి వైట్‌హౌస్‌లోనే ఉండాలని ముందే అనుకోవడం వాళ్ల కొంప ముంచింది. పుస్తకంలో ఉన్నది ‘ఎగ్జిక్యూటివ్ బ్రాంచ్’ (ప్రభుత్వ కార్యనిర్వాహక విభాగం) అని. ఎఫ్‌బీఐ అందులోదే కదా! అనుమానితుల్లో ఇంకొకడైన హేగ్‌ని ఇదే గడుల్లో పెట్టి చూడండి, 1972లో నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ కింద వియత్నాం పనిలో ఉన్నాడు, రోజువారీ దర్యాప్తు కాగితాలు అతని బల్లకి రావు.

మూలం సరైనదైనా వార్త తప్పొచ్చనడానికి 1972 అక్టోబరు 25 చూడండి. నిక్సన్ ఎన్నికల ప్రచారపు రహస్య నిధి మీద హాల్డ్‌మన్‌కి అధికారం ఉందని, ఆ ప్రచారానికి కోశాధికారిగా ఉన్న స్లోన్ గ్రాండ్ జ్యూరీకి చెప్పినట్టు పోస్ట్ రాసింది. అధికారం ఉన్న మాట నిజమే, కానీ జ్యూరీ అసలు అడగలేదు. వార్త వెయ్యకముందు సరిచూసుకోడానికి వుడ్‌వర్డ్ సహచరుడు బెర్న్‌స్టీన్ ఒక న్యాయవాదికి ఫోన్‌లో ‘పది లెక్కపెడతాను, వార్త ఆపాలంటే పెట్టేయండి’ అన్నాడు. ఆయన తిరగేసి అర్థం చేసుకుని లైన్‌లోనే ఉండిపోయాడు.

జవాబు: మౌంట్‌రోడ్డు

మద్రాసులో మాట్లాడుతూ బోఫోర్స్ వదిలేస్తారా! ఆ ఫిరంగుల ముడుపుల గుట్టు హిందూలో రాసిన విలేఖరి చిత్రా సుబ్రమణ్యానికి 350కి పైగా పత్రాలు ఇచ్చింది స్వీడన్ దర్యాప్తు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్, ఆ మాట ఆయనే 2012 ఏప్రిల్‌లో చెప్పాడు. 1988లో హిందూ వేసింది బ్యాంకులకి పంపిన చెల్లింపు ఆదేశాల్లాంటి కాగితాలనే. ఇచ్చినవాడి పేరు తెలియకపోయినా కాగితాన్ని విడిగా పరీక్షించుకోవచ్చు. ఫెల్ట్ దగ్గర మాట తప్ప కాగితం లేదు, అందుకే మనిషి ఎవరన్న గొడవ 33 ఏళ్లు సాగింది. పాత హిందూ సంచికలు కావాలంటే ఎగ్మూరు కానెమరా లైబ్రరీలో అడగండి.

వడపళని పాఠకుడు: ‘గరాజ్ మనిషి ఫెల్ట్’ వరకే వాదిస్తాను. బాల్కనీ సంగతి వాళ్లు ఎత్తకముందే నేనే చెప్పేస్తే మంచిదా?

అడ్డప్రశ్న: చెప్పేయండి. టేపు మాత్రం వాళ్లనే ఎత్తనివ్వండి.