సమస్యాపూరణం: పక్షి పాలిచ్చె బిడ్డకుఁ బట్టపగలు

నిర్వాహకుడు:
మా కోనసీమ ఊరి చెరువుగట్టున మఱ్ఱి నిండా పెద్ద గబ్బిలాలు. వరద తీసే రోజుల్లో జతకడతాయి, శివరాత్రి దాటాక ఈనుతాయి. కాన్పుకు ఒక్కటే పిల్ల. నిన్న మధ్యాహ్నం ఒక తల్లి రెక్క ముడిచి బిడ్డకు పాలివ్వడం చూశాక ఈ పాదం తట్టింది. వింతగా తోచే ఈ మాటే చివరి పాదంగా, అర్థం కుదిరేలా తేటగీతి పద్యంలో పూరించండి.

అమలాపురం మాస్టారు:
మఱ్ఱికొమ్మకుఁ దలకిందు మసలు దాని
చూచి, పక్షిగా భావించి, సుతుడు పలికె:
"తల్లి ఱెక్కలచాటున దాఁగె శిశువు,
పక్షి పాలిచ్చె బిడ్డకుఁ బట్టపగలు!"

యానాం బాబాయి:
మాస్టారూ, 'మసలు' అంటే తిరుగాడడం. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం పడాలన్న యతి నియమం కోసం వేలాడేదాన్ని నడిపించారు! 'వేపకొమ్మకుఁ దలకిందు వ్రేలు దాని' అంటే సరిపోతుంది.

అమలాపురం మాస్టారు:
దోషం ఒప్పుకున్నాను. కానీ యతి కోసం ఊరి గబ్బిలాలన్నింటినీ వేపచెట్టుకు తరలించలేను బాబాయిగారూ. మొదటి రెండు పాదాలు ఇలా మార్చాను:
మఱ్ఱికొమ్మకు నూయల మాడ్కి నూఁగు
దానిఁ బక్షిగా భావించి తనయుఁ డనియె

నిర్వాహకుడు:
ఊయల బాగా కుదిరింది. మూడవ పాదం ఊహ కాదు, ఉన్న సంగతే. గబ్బిలానికి చనుమొనలు చంకల దగ్గర ఉంటాయి. తల్లి రెక్క కప్పితే పిల్ల బయటికి కనబడదు.

నరసాపురం అక్కయ్య:
రాత్రి యెల్లను మేసెను రావిపండ్లు,
తెల్లవాఱంగఁ దరుశాఖఁ దిరిగి చేరె,
ఐదు నెలలును మోసిన యమ్మ కనుక
పక్షి పాలిచ్చె బిడ్డకుఁ బట్టపగలు!

నిర్వాహకుడు:
'పట్టపగలు'కు పని కల్పించినది మీరొక్కరే అక్కయ్యగారూ! లెక్కా సరిగ్గానే ఉంది, మోసేది సుమారు 140 నుంచి 150 రోజులు.

యానాం బాబాయి:
పద్యం హాయిగా ఉందమ్మా. కానీ సమస్య విడిందా? ఇందులో పక్షి ఎవరు? గబ్బిలం పక్షి కాదనే కదా అసలు చిక్కు. ఇంకొక మాట. పుట్టిన మొదటి వారాల్లో తల్లి మేతకు పోతూ పిల్లనూ పొట్టకు కరిపించుకుని పోతుంది. అప్పుడు పాలకు రాత్రి, పగలు తేడా ఏముంది?

నరసాపురం అక్కయ్య:
నా పద్యంలోని తల్లి పిల్లను చెట్టున వదిలి వెళ్లే వయసు వచ్చాకే మేతకు వెళ్లిందనుకోండి! పక్షి సంగతికి వ్యుత్పత్తే దిక్కు. పక్షములు గలది పక్షి. గబ్బిలం రెక్క ఈకలది కాదు, సాగిన వేళ్ల మధ్య పరచుకున్న చర్మం. తెల్లవారిన పాదం తీసేసి, మొదటి పాదంగా ఇది పెడుతున్నాను:
అంగుళులె పక్షములుగాఁగ నమరెఁ దనకు

యానాం బాబాయి:
ఇప్పుడు ముడి విడింది. ఇక నా వంతు. అసలు గబ్బిలమే అక్కర్లేదు:
గూటఁ గూర్చున్న గువ్వయుఁ గొసరి కొసరి
కంఠమున నూరు రసముతోఁ గడుపు నింపె,
కాన సందియ మేలయ్య కవివరేణ్య?
పక్షి పాలిచ్చె బిడ్డకుఁ బట్టపగలు!

అమలాపురం మాస్టారు:
గడుసుతనం మీదే! పావురాలకూ గువ్వలకూ గొంతు కింది అన్నసంచిలో పాలవంటిది ఊరే మాట నిజమే. పైగా ఆ పాలు తండ్రీ ఇస్తాడు.

నరసాపురం అక్కయ్య:
ఆ మఱ్ఱి మీది మగ గబ్బిలాలకు ఆ కష్టం లేదు.

యానాం బాబాయి:
అన్ని మగవీ ఒక్కటి కాదమ్మా. మన తోటల్లో తిరిగే పొట్టిమూతి చిన్న గబ్బిలాల్లో మగది ఆకుల ఈనెలూ తీగల కాడలూ పళ్లతో కొరికి గుడారం అమరుస్తుంది. ఆడవి వచ్చి చేరతాయి. కట్టేది ఒక్కడు, కాపురానికి వచ్చేవి ఎన్నో.

నిర్వాహకుడు:
బాబాయిగారూ, వచ్చే వారం సమస్య మీరే ఇచ్చేశారు. అదే తేటగీతి. 'పండ్లు' అన్న మాట దగ్గర కాస్త ఆగి చదవండి:

ఇల్లు పండ్లతోఁ గట్టినాఁ డింతి కొఱకు