అప్‌డేట్: కొలంబో ఫ్లైట్ లేటు, హోటల్ డబ్బులు వచ్చాయి

చెన్నై నుంచి కొలంబో వెళ్లే రాత్రి ఫ్లైట్ తెల్లారేదాకా కదల్లేదు, అమ్మానాన్నలతో సొంత ఖర్చుతో హోటల్లో దిగాం, తిరిగొస్తుందా అని అడిగాను కదా. వచ్చింది.

డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం రాత్రి 8, తెల్లవారుజాము 3 మధ్య బయల్దేరాల్సిన విమానం 6 గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ ఇవ్వాలి. కౌంటర్లో మాత్రం బిస్కెట్ ప్యాకెట్లు చేతిలో పెట్టి "వెయిట్ చేయండి సార్" అన్నారు! ఎయిర్‌లైన్ వాళ్లకి మెయిల్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. కేంద్ర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టి, మారిన టైం కనిపించే బోర్డు ఫొటో, హోటల్ బిల్లు జతచేశాకే కదిలారు.

ఆలస్యానికి విడిగా పరిహారం లేదన్నారు. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం కింద నష్టం చూపించి రెండేళ్లలోపు కేసు వేయొచ్చు. నాన్నేమో "నెల్లూరులో కోర్టు చుట్టూ ఎవడు తిరుగుతాడు, వదిలెయ్‌రా" అంటున్నారు. కొలంబోలో వాడుకోని గది రసీదు మాత్రం పారేయలేదు.