రెండుసార్లు పట్టుకున్నారు, సరుకులు మాత్రం ఒక్కసారే వచ్చాయి

ఖాళీసంచి
ఆదివారం రాత్రి ఆన్‌లైన్‌లో సరుకులు ఆర్డరు పెట్టాను. చెల్లింపు బటన్ నొక్కగానే తెర మీద చక్రం తిరగడం మొదలుపెట్టింది, ఎంతకీ ఆగదు. ఒక నిమిషం చూసి మళ్ళీ నొక్కాను. ఇప్పుడు ఖాతాలో రెండు పద్దులున్నాయి, రెండింటి పక్కనా ‘పెండింగ్’ అని ఉంది. పైది కిందిదానికంటే కాస్త ఎక్కువ. సరుకులు ఒక్కసారే వచ్చాయి, అందులోనూ రెండు లేవు. డెబిట్ కార్డు, పైగా నెలాఖరు. దుకాణంవాళ్ళు బ్యాంకును అడగమంటారు. బ్యాంకువాళ్ళు పెండింగ్‌లో ఉన్నదాని మీద ఫిర్యాదు తీసుకోలేము, దుకాణాన్నే అడగమంటారు. ఎన్నాళ్ళకు తిరిగి వస్తుంది? కార్డు మార్చేయాలా?

ఎనిమిదిసంచులు
మీరు అదృష్టవంతులు. నేను రెండుసార్లు నొక్కితే సరుకులే రెండుసార్లు వచ్చాయి. గుమ్మం ముందు ఎనిమిది సంచులు! ఫ్రిజ్ తలుపు మూసుకోలేదు. వెనక్కి తీసుకోమంటే పాడయ్యే సరుకులు తీసుకోలేమన్నారు. సగం పక్కింటివాళ్ళకు ఇచ్చాను. అప్పటినుంచి వాళ్ళు నన్ను చాలా ఆప్యాయంగా పలకరిస్తున్నారు.

లెక్కలపంతులు
ఇక్కడ నూరోసారి చెబుతున్నాను. పెండింగ్ అంటే డబ్బు పోయినట్టు కాదు, హోల్డ్ పెట్టినట్టు. ఖాతాలో అసలు నిల్వ అలాగే ఉంటుంది, వాడుకోదగ్గ నిల్వ మాత్రమే తగ్గుతుంది. తూకం వేసి ఇచ్చే సరుకులుంటే చివరి బిల్లు ఎంతవుతుందో ముందు తెలియదు కాబట్టి కొంత ఎక్కువే పట్టి ఉంచుతారు. కంగారు అనవసరం.

అద్దెబాకీ
‘కంగారు అనవసరం’ అనే మాట ఖాతాలో దండిగా డబ్బున్నవాళ్ళు అంటారు. నా ఇంటి అద్దె వెళ్ళవలసిన రోజునే ఇలాంటి హోల్డ్ పడింది. మీరు చెప్పిన ఆ అసలు నిల్వ నిండుగానే ఉంది, చూసుకుని మురిసిపోవడానికి. అద్దె చెల్లింపు తిరిగివచ్చింది. బ్యాంకు జరిమానా వేసింది. ఆ జరిమానాకు పెండింగూ లేదు, గిండింగూ లేదు, అప్పటికప్పుడు పట్టుకుపోయారు.

లెక్కలపంతులు
నేను చెప్పింది నిర్వచనం. మీ అద్దె సంగతి నాకెలా తెలుస్తుంది?

అద్దెబాకీ
నా డబ్బు నేను వాడుకోలేకపోతే అది పోయినట్టే. నిర్వచనం ఇంటి యజమానికి చెప్పి చూడండి.

పాతకాపు11
కార్డు చెల్లింపుల రంగంలో 11 ఏళ్ళు పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. ముందు అనుమతి, తర్వాత వసూలు, ఇవి రెండు వేరు వేరు మెట్లు. కార్డు సందేశాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8583 ప్రకారం అనుమతి అడిగే సందేశం 0100, దాన్ని వెనక్కి తీసుకునేది 0400. దుకాణం 0400 పంపితే హోల్డ్ వదులుతుంది, పంపకపోతే గడువు తీరేదాకా ఉంటుంది. చక్రం తిరుగుతోందంటే అనుమతి రాలేదని కాదు, వచ్చిన జవాబు మీ తెర దాకా చేరలేదని కూడా కావచ్చు. సరిగ్గా కట్టిన వ్యవస్థ అయితే ప్రతి ప్రయత్నానికీ ఒక ప్రత్యేక గుర్తు తగిలిస్తుంది, దాన్ని ఐడెంపొటెన్సీ కీ అంటారు. మీరు పదిసార్లు నొక్కినా అది ఒకటే ప్రయత్నమని పోల్చుకుంటుంది. ఏ హోల్డయినా మూడు రోజుల్లో పోతుంది.

ఎనిమిదిసంచులు
పదిసార్లా? నాకు రెండుసార్లకే ఎనిమిది సంచులు వచ్చాయి.

తొమ్మిదోరోజు
మూడు రోజులా? నాది తొమ్మిదో రోజున పోయింది. 11 ఏళ్ళు ఏ దేశపు క్యాలెండరు చూశారో!

పాతకాపు11
అది మీ బ్యాంకు తప్పు. గడువు బ్యాంకునుబట్టి, కార్డునుబట్టి మారుతుంది.

తొమ్మిదోరోజు
‘ఏ హోల్డయినా మూడు రోజులు’ అన్నది మీరే. ఒక్క టపా పైకి జరిపి చూసుకోండి.

మారుసరుకు
హోల్డ్ సంగతి అలా ఉంచండి, అడిగిన సరుకు లేదని వేరేది పెట్టి ఎక్కువ ధర వేయడం గురించి ఎవరూ మాట్లాడరేం? నేను చిన్న ప్యాకెట్ అడిగితే పెద్దది పంపారు. ‘మార్పిడి వద్దు’ అని ఒక గడి ఉంటుంది, ఎక్కడో అట్టడుగున దాచిపెడతారు. అందరూ ముందు అది టిక్కు పెట్టుకోండి.

నెలరోజులవేట
నా అవివేకం కూడా వినండి. నాకూ ఇలాగే రెండు పడితే, ఒకటి రద్దు చేశామన్నారు. స్టేట్‌మెంటులో జమ పద్దు కోసం నెల రోజులు వెతికాను. రోజూ ఫోను చేసి అరిచాను. చివరికి ఒక ఓపికగల అమ్మాయి చెప్పింది: ‘జమ రాదండీ, అసలు కోతే పడలేదు, హోల్డ్ వరుస మాయమైంది, చూడండి.’ చూస్తే నిజమే, వరుసే లేదు. వసూలు కాకముందు రద్దయితే చప్పుడు లేకుండా పోతుంది. వసూలయ్యాక రిఫండ్ చేస్తే మాత్రం వేరే పద్దుగా రావాలి, దానికి 23 అంకెల ఏఆర్‌ఎన్, అంటే ఆ లావాదేవీని పోల్చుకునే సంఖ్య, ఉంటుంది. దుకాణాన్ని అడిగి తీసుకుని బ్యాంకుకు ఇస్తే రిఫండ్ ఎక్కడుందో వెతికిపెడతారు.

కఠినంగా
ఇంత మెతకగా ఉంటే పని జరగదు. నేరుగా ఛార్జ్‌బ్యాక్ వేయండి, అంటే డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో వివాదం.

లెక్కలపంతులు
పెండింగ్‌లో ఉన్నదాని మీద బ్యాంకు తీసుకోదని ఆయన మొదటి టపాలోనే రాశారు. చదవండి. వీసా, మాస్టర్‌కార్డులలో చాలా రకాల వివాదాలకు 120 రోజుల గడువుంది, ఈ వారమే వేయకపోతే కొంపలేమీ మునగవు.

తొమ్మిదోరోజు
నేను అలా తొందరపడి వేస్తే దుకాణంవాళ్ళు నా ఖాతానే మూసేశారు. డబ్బు వచ్చింది, కానీ మళ్ళీ అక్కడ కొనలేను.

అద్దెబాకీ
క్రెడిట్ కార్డయితే పరిమితిలో కోత పడుతుంది, అంతే. డెబిట్ అయితే సొంత డబ్బుకే తాళం. సరుకులకు డెబిట్ వాడడం మానేశాను. పంతులుగారికి ఇది కూడా నిర్వచనమే కాబోలు.

చిల్లరలెక్క
ఖాళీసంచి గారూ, మీరు పైది కాస్త ఎక్కువ అన్నారు కదా. రెండుసార్లు నొక్కితే రెండూ ఒకే మొత్తం ఉండాలి. ఆర్డరు పెట్టాక ఏమైనా మార్చారా?

ఖాళీసంచి
అవును, పడుకునే ముందు సబ్బు, చెత్త సంచులు చేర్చాను. అది కూడా చెప్పాలా?

చిల్లరలెక్క
అదే అసలు సంగతి. మొత్తం పెరిగినప్పుడు చాలా దుకాణాలు కొత్త మొత్తానికి మళ్ళీ అనుమతి తీసుకుంటాయి, పాతది గడువు తీరేదాకా వేలాడుతుంది. పైది సరిగ్గా ఆ సబ్బు, సంచుల ధర మేరకే ఎక్కువుందేమో చూడండి.

ఖాళీసంచి
చూశాను. తేడా సరిగ్గా ఆ రెండింటి ధరే! అయితే నేను రెండోసారి నొక్కిందానికి ఏమీ కాలేదా?

పాతకాపు11
ఏమీ కాలేదు. ఐడెంపొటెన్సీ కీ పనిచేసింది. నేను ముందే చెప్పాను.

తొమ్మిదోరోజు
మీరు చెప్పింది మూడు రోజులని.

ఖాళీసంచి
గురువారం సంగతి: చిన్న పద్దు చప్పుడు లేకుండా పోయింది. పెద్దది పెండింగ్‌లోంచి అసలు పద్దులోకి దిగింది, రాని రెండు సరుకుల మేరకు తగ్గింది కూడా. ఒక్కటే చిక్కు. నిన్న కంగారులో కార్డు బ్లాక్ చేయించాను. కొత్తది వచ్చేదాకా దుకాణానికి నడిచి వెళ్ళి నోట్లే ఇవ్వాలి.

ఎనిమిదిసంచులు
నడిచి వెళ్తే మోయగలిగినంతే కొంటారు. మంచిదే.