గింజ లేని కాయ చూపించి పాప అడిగిన ప్రశ్న, ఏం చెప్పను?

తిరుపతిలో ఉంటాం. నిన్న సాయంత్రం శెనక్కాయలు వలుస్తుంటే, తొమ్మిదో తరగతి చదివే మా పాప గింజ లేని కాయ ఒకటి విప్పి చూపించి, “అమ్మా, ఇట్లా ఏమీ లేనిదాంట్లోంచే విశ్వం పుట్టిందా?” అని అడిగింది.

బిగ్ బ్యాంగ్ జరిగి దాదాపు 1380 కోట్ల ఏళ్లయిందని చెప్పాను. కానీ అది విశ్వం విస్తరించిన కథే కదా, అసలు మొదలు కాదు. క్వాంటమ్ శూన్యంలో, అంటే పదార్థమేమీ లేని ఖాళీ చోటులో కూడా, కణాలు పుట్టి మాయమవుతాయంటారు. ఆ శూన్యానికి కూడా శక్తి, నియమాలు ఉంటాయి. మరి అది ‘ఏమీ లేకపోవడం’ ఎలా అవుతుంది? ఆ నియమాలు ఎక్కణ్ణించి వచ్చాయి?

దేవుడి సృష్టి అని చెప్పమంది మా అత్త. నాకూ భక్తి ఉంది, ఏటా అలిపిరి మెట్లెక్కుతాను. అయినా పాప అడిగింది సైన్సు. ఫిజిక్స్ తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, దీనికి జవాబు దొరికిందా, ఇంకా వెతుకుతున్నారా?