ఈ వారం సమస్య: మంచుగడ్డ చేప మనికి నిలిపె

కొలనుగట్టు:
ఆటవెలది పద్యానికి నాలుగో పాదమండీ, ముందు మూడూ మీరు పూరించాలి. యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) మం–మ. మనికి అంటే బతుకు. కాశ్మీరులో డిసెంబరు 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్ అనే కటిక చలికాలం, గట్టి చలి పడిన ఏడాది దాల్ సరస్సు పైన గడ్డకడుతుంది, అయినా కింద చేపలు బతికే ఉంటాయి. ఎలాగో చెప్పండి. పురాణ కల్పనలొద్దు, నీళ్ళలో నిజంగా జరిగేదే కావాలి.

పాతపలక:
బరువు నీరు జారి పడె లోన నడుగుకు
తేలికైన మంచు తేలె పైన
చలిని లోనికింక సాగనీకాపుచు
మంచుగడ్డ చేప మనికి నిలిపె

కొలనుగట్టు:
రెండో పాదం హాయిగా ఉంది. "లోన", "అడుగుకు" రెండూ ఎందుకండీ, ఒకటి చాలు. ఆ చోటులో 4 డిగ్రీల మాట చెప్పాల్సింది, అసలు కిటుకు అదే కదా! మంచినీరు 4 డిగ్రీల దగ్గరే అన్నిటికంటే బరువు, అంతకన్నా చల్లబడితే తేలికై పైకొస్తుంది, గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి తేలుతుంది. మంచు మునిగేదైతే చెరువు అడుగునుంచీ గడ్డకట్టుకుంటూ వచ్చేది, చేపకి చోటే ఉండేది కాదు.

వానకోయిల:
నాది రష్యాలోని బైకాల్ సరస్సు మీద. అక్కడ గాజులాంటి మంచు కిందే సూక్ష్మమైన పాచి పెరుగుతుంది.

అద్దమట్టి మంచునందుండి వెలుగులు
లోని పాచిఁ జేర లోటు దీరి
ప్రాణవాయువూర నీటిలో పగలెల్ల
మంచుగడ్డ చేప మనికి నిలిపె

పాతపలక:
మూడో పాదంలో యతి తప్పిందమ్మా, "ప్రా"కి "నీ" కుదరదు. మాటలు అటూ ఇటూ మార్చు చాలు, గణాలు చెడవు: "ప్రాణవాయువూర పగలెల్ల నీటిలో". భావం మాత్రం నా పద్యం కంటే మేలు, నేను చలి గురించే ఆలోచించాను, ఊపిరి సంగతి తట్టలేదు.

మిన్నెసోటా అక్క:
"అద్దమట్టి" అన్న మాట చాలా ముఖ్యం. మా దగ్గర లోతు తక్కువ సరస్సుల మీద మంచుపొడి దట్టంగా పడితే వెలుతురు ఆగిపోతుంది, పాచి చచ్చి కుళ్ళుతుంది, ఆ కుళ్ళడమే నీళ్ళలో ఉన్న కాస్త ఆక్సిజన్నీ తినేస్తుంది. అందుకే కొన్నిచోట్ల చలికాలమంతా నీళ్ళలోకి గాలి పంపు చేస్తారు. ఒక ఏడాది మంచు కరిగాక ఒడ్డంతా చచ్చిన చేపలు చూశాను, ఇప్పటికీ మర్చిపోలేను. నిలపడమంటే ఆపడం కూడా కదా, బండి నిలిపినట్టు. అలా పూరించాను.

మీద హిమము పడగ మిణుకైన వెలుగేది?
పాచి కుళ్ళి గాలి పాలు తగ్గ
ఊపిరాడకచట నుక్కిరిబిక్కిరి;
మంచుగడ్డ చేప మనికి నిలిపె

పాతపలక:
ఒకే పాదం అటూ ఇటూ తిరిగింది, అద్భుతం! ఒక్క సందేహం. వెలుగు ఆపింది పైన పడ్డ హిమమైతే, నేరం మంచుగడ్డ మీద వేశారేం?

మిన్నెసోటా అక్క:
గడ్డ మూతలా బిగిసి ఉంటుందండీ, పైగాలి నీళ్ళలో కలవదు. హిమం వెలుగు ఆపితే గడ్డ గాలిని ఆపింది, ఇద్దరికీ పాలుంది.

కొలనుగట్టు:
ఒప్పుకుంటున్నాను. తెలుగులో రెండిటినీ మంచే అంటాం, మీరు హిమము అని విడిగా పెట్టడం వల్ల అర్థం తేటపడింది. ఈ వారం నా ఓటు ఈ పూరణకే.

వానకోయిల:
అక్కా, ఉత్తర ఐరోపా చెరువుల్లో క్రూషియన్ కార్ప్ అని ఒక చేప ఉంది, ఆక్సిజన్ అయిపోయినా నెలల తరబడి బతుకుతుంది. ఒంట్లో చేరే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాలుగా మార్చి మొప్పల గుండా బయటికి పంపేస్తుంది. మీ పద్యానికి జవాబుగా దాని మీద రాస్తాను, ఈసారి యతి చూసుకునే పెడతాను.