మస్టాంగ్ వెనుక చక్రాలు గెంతుతున్నాయి: ముందు డిఫరెన్షియల్ మార్చాలా, సస్పెన్షనా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2015 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారు ఉంది. 5.0 లీటర్ల వీ8, మాన్యువల్ గేర్లు, వెనుక గేరు నిష్పత్తి 3.31. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నెలకోసారి, తిన్నగా పరుగు పందేలు పెట్టే డ్రాగ్ స్ట్రిప్‌కు తీసుకెళ్తాను. అక్కడ క్లచ్ వదిలి గట్టిగా తొక్కగానే వెనుక సీటు కింద ఎవరో రోకటితో దంచుతున్నట్టు ధడధడమని చప్పుడు, కారంతా వణుకు. కాలు తీస్తే ఆగిపోతుంది. రెండో గేరులోకి మారినప్పుడు కూడా ఒక్కోసారి ఇదే జరుగుతోంది.

ఒక షాపులో చూపిస్తే టార్సెన్ రకం డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె), 3.73 నిష్పత్తి గేర్లు, కారును కిందికి దించే పొట్టి స్ప్రింగులు, ఈ మూడూ ఒకేసారి వేయించమన్నారు. ఖర్చు సంగతి అలా ఉంచితే, రోజూ ఆఫీసుకు వెళ్లేది ఈ కారులోనే. వెనుక మా పాప సీటు ఉంటుంది, కాబట్టి కారు మరీ మోతగా మారకూడదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు (డెట్రాయిట్ నుంచి)

ముందుగా ఒక మాట. ఈసారి ఆ దంచుడు మొదలైతే వెంటనే కాలు తీసేయండి, తొక్కి పట్టకండి. ఆ దెబ్బలు సెకనుకు పది పదిహేను దాకా పడతాయి. దెబ్బ దెబ్బకూ, డిఫరెన్షియల్ నుంచి చక్రాలకు బలం తీసుకెళ్లే హాఫ్ షాఫ్టులు మెలి తిరిగి విడుతుంటాయి. ఆ షాఫ్టుల చివర ఉండే సీవీ జాయింట్లు, డిఫరెన్షియల్ పళ్లు విరిగేది ఎక్కువగా ఇలాంటప్పుడే.

షాపువాళ్లు చెప్పిన వరుసతో నేను ఏకీభవించను. చక్రం ఎందుకు గెంతుతుందో చూడండి. టైరు రోడ్డును పట్టుకుని ఉంటుంది, మరో వైపు నుంచి ఇంజిన్ తోస్తుంది. ఆ మధ్యలో టైరు పక్కగోడ, హాఫ్ షాఫ్టు, అతుకుల దగ్గర మెత్తగా ఉండే రబ్బరు బుష్‌లు అన్నీ స్ప్రింగుల్లా మెలి తిరిగి ఆ బలాన్ని దాచుకుంటాయి. ఇక పట్టు నిలవక టైరు జారుతుంది. దాచుకున్నదంతా ఒక్కసారిగా విడుదలై చక్రం ఎగురుతుంది. కిందపడగానే మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ మెలిక పడుతుంది. ఇలా ఊగడానికి చోటు ఎంత ఎక్కువ ఉంటే గెంతు అంత ఎక్కువ. ఆ చోటు తగ్గించడమే అసలు వైద్యం.

మీ కారులో ఆ చోటు ఎక్కడుందో చెబుతాను. 2015లో ఫోర్డ్ మస్టాంగ్ శ్రేణి మొత్తానికి ఇండిపెండెంట్ వెనుక సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలే ఏర్పాటు) ఇచ్చింది. అంతకుముందు 1999 నుంచి వచ్చిన కోబ్రా రకానికి మాత్రమే అది ఉండేది. ఆ కోబ్రాల యజమానులూ ఈ గెంతుతోనే అవస్థ పడ్డారు. కొందరైతే దాన్ని తీసేసి దూలం లాంటి పాత ఇరుసునే బిగించుకున్నారు. మీ కారులో డిఫరెన్షియల్ నేరుగా బాడీకి బిగించి ఉండదు. అది తన రబ్బరు బుష్‌ల మీద సబ్‌ఫ్రేములో, అంటే వెనుక భాగాలను మోసే చట్రంలో, కూర్చుంటుంది. ఆ సబ్‌ఫ్రేము మళ్లీ నాలుగు పెద్ద రబ్బరు బుష్‌ల మీద బాడీకి వేలాడుతుంది. మీరు తొక్కినప్పుడు డిఫరెన్షియల్ ముక్కు పైకి లేవాలని చూస్తుంది. ఆ తోపుడంతా ముందు దాని బుష్‌ల మీద, తర్వాత సబ్‌ఫ్రేము బుష్‌ల మీద పడుతుంది. రబ్బరు మీద రబ్బరు, రెండు అంతస్తులు. రోజూ తిరిగేటప్పుడు మెత్తగా ఉండటానికి అలా చేశారు, అందులో తప్పేమీ లేదు. స్ట్రిప్ మీద మాత్రం అదే అడ్డం తిరుగుతుంది.

ఇప్పుడు 3.73 గేర్ల లెక్క చూడండి. ఆ ఇంజిన్ టార్కు (తిప్పే బలం) 542 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు 3.66. వీటిని 3.31తో గుణిస్తే వెనుక ఇరుసు దగ్గర సుమారు 6,570 న్యూటన్ మీటర్లు వస్తుంది. 3.73తో గుణిస్తే సుమారు 7,400. అంటే దాదాపు 13 శాతం ఎక్కువ తోపుడు. ఇప్పటికే ఊగుతున్న రబ్బరు మీద ఇంకా బరువు పెట్టడమే అవుతుంది. టార్సెన్ మంచి వస్తువే, కానీ దాని పని రెండు చక్రాల మధ్య టార్కును పంచడం, సబ్‌ఫ్రేమును కదలకుండా పట్టుకోవడం కాదు. సబ్‌ఫ్రేము ఊగుతుండగా డిఫరెన్షియల్ బిగువు పెంచితే, ఒక చక్రానికి బదులు రెండూ కలిసి గెంతే అవకాశం కూడా ఉంది.

పైసా ఖర్చు లేని రెండు పరీక్షలు చేసి చూడండి.

మొదటిది టైర్లు. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2417 అని ఉంటే 2017లో 24వ వారం తయారైందని అర్థం. పాతబడి గట్టిపడిన టైరు పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుంటుంది. మనకు వద్దన్నది సరిగ్గా అదే. వేసవి టైర్లయితే 7 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లటి నేల మీద అస్సలు పరీక్షించకండి.

రెండోది పిల్లలు ఆడుకునే మెత్తటి బొమ్మల మట్టి. సబ్‌ఫ్రేముకూ బాడీకీ మధ్య ఉన్న సందులో ఒక ముద్ద, డిఫరెన్షియల్‌కూ సబ్‌ఫ్రేముకూ మధ్య మరో ముద్ద పెట్టండి. సైలెన్సర్ గొట్టాలకు తగలకుండా చూసుకోండి. స్ట్రిప్‌లో ఒక్కసారి బయల్దేరి, గెంతు మొదలవగానే ఆపేసి, కారు స్టాండ్ల మీద ఎత్తి చూడండి. ఏ ముద్ద ఎక్కువ నలిగితే ముందు అక్కడ పని చేయాలి.

మరో జవాబు (హైదరాబాద్ నుంచి)

డెట్రాయిట్ నుంచి రాసిన పెద్దాయన మాటకు నాదొక చేర్పు. 2016లో ఇక్కడికి వచ్చిన మస్టాంగ్ జీటీకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మాత్రమే ఇచ్చారు. క్లచ్ దెబ్బ లేకపోవడంతో గెంతు అంతగా తెలియదు. అయినా మా స్నేహితుడి కారులో వచ్చింది. వెతికితే వెనుక ఎడమ షాక్ అబ్జార్బర్ నుంచి నూనె కారుతోంది. అందుకని షాకులూ చూడండి. వాటి ఒళ్లు తుడిచి, వారం తర్వాత మళ్లీ వేలితో తడిమితే తెలిసిపోతుంది. షాకు చచ్చిపోతే ఎగిరిన చక్రాన్ని అణిచేది ఉండదు. పొట్టి స్ప్రింగులు మాత్రం గెంతుకు మందు కావు. మా ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట గీసుకోవడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ ఉండదు.

ప్రశ్న అడిగినవారు (డాలస్ నుంచి)

అన్నగారూ, రెండు పరీక్షలూ చేశాను. టైర్ల మీద 2417 అనే ఉంది, మీరు ఉదాహరణకు రాసిన అంకే! గోరు నొక్కినా దిగడం లేదు. సబ్‌ఫ్రేము దగ్గర పెట్టిన మట్టి ముద్ద సగానికి నలిగిపోయింది, దాని మీద బోల్టు తల అచ్చు కూడా పడింది. డిఫరెన్షియల్ దగ్గరది కాస్త నలిగింది. షాకులు పొడిగానే ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి? నేనే చేసుకోగలనా?

జవాబు (డెట్రాయిట్ నుంచి)

మీ మట్టి ముద్దే సమాధానం చెప్పేసింది. టైర్లు మార్చండి. సబ్‌ఫ్రేము బుష్‌లలోని ఖాళీలను నింపే అల్యూమినియం బిళ్లలు దొరుకుతాయి. స్టీడా, బీఎంఆర్ లాంటి కంపెనీలు ఈ కార్ల కోసమే చేస్తాయి. రబ్బరు బుష్‌ అక్కడే ఉంటుంది, దాని కదలికే తగ్గుతుంది. అందుకే మోత పెద్దగా పెరగదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

సొంతంగా చేసుకోవచ్చు, కానీ తొందర వద్దు. కారును సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద నాలుగు స్టాండ్ల మీద నిలపండి. జాకీని నమ్ముకుని కిందికి దూరకండి. సబ్‌ఫ్రేము కింద జాకీ ఆనించి, ఒక్కసారికి ఒక్క బోల్టే విప్పండి, బిళ్ల పెట్టి బిగించాకే రెండోది. నాలుగూ ఒకేసారి వదిలితే బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు లాక్కుపోతాయి. అంతేకాదు, ఆ రంధ్రాలు బోల్టు కంటే కాస్త వదులుగా ఉంటాయి కాబట్టి సబ్‌ఫ్రేము పక్కకు జరుగుతుంది. విప్పకముందే దానికీ బాడీకీ కలిపి తెల్ల పెయింటుతో సన్నటి గీత గీయండి. బిగించాక ఆ గీత కలిసి ఉండాలి. బిగింపు సర్వీసు మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం టార్క్ రెంచితోనే చేయండి. కొత్త బోల్టు వాడమని అందులో ఉన్నచోట కొత్తదే వాడండి. పనయ్యాక చక్రాల అలైన్‌మెంట్ చూపించడం తప్పనిసరి.

ఒక్క పని చేసి, నడిపి చూసి, తర్వాతే రెండోది. అన్నీ కలిపి చేస్తే ఏది పనిచేసిందో, ఏది మోత తెచ్చిందో తెలియదు.

ప్రశ్న అడిగినవారు

మూడు శనివారాలు పట్టింది. కొత్త టైర్లతో గెంతు కొంత తగ్గింది. బిళ్లలు వేశాక మొదటి గేరులో పూర్తిగా పోయింది. నిన్న స్ట్రిప్‌లో ఆరుసార్లు బయల్దేరాను, ఒక్క దెబ్బ కూడా లేదు. కారు అంత శుభ్రంగా ముందుకు దూకడం నేను చూడటం ఇదే మొదటిసారి, నిజంగా కళ్లు చెమ్మగిల్లాయి. పాప వెనుక సీట్లో ఎప్పటిలాగే నిద్రపోతోంది. రెండో గేరులో మాత్రం ఇంకా ఒకటి రెండు దెబ్బలు పడుతున్నాయి. ఇక డిఫరెన్షియల్ సంగతి?

జవాబు (డెట్రాయిట్ నుంచి)

చాలా సంతోషం. మిగిలిన ఆ ఒకటి రెండు దెబ్బలకు డిఫరెన్షియల్ బుష్‌లకు పాలీయూరితేన్ బిళ్లలు వేయండి. అల్యూమినియంవి మరింత గట్టిగా పట్టుకుంటాయి కానీ గేర్ల ఈల నేరుగా సీట్లోకి వస్తుంది. పాప కోసమైనా పాలీతో ఆగండి. దానికీ లొంగకపోతే వెనుక హబ్ (చక్రం బిగించే భాగం) దగ్గరి నిలువు లింకులు చూద్దాం.

డిఫరెన్షియల్ మార్చే ముందు ఉన్నది బతికి ఉందో లేదో చూడాలి. మీ కారుది క్లచ్ పళ్లేలతో పనిచేసే ట్రాక్షన్ లాక్ రకం. ఒక వెనుక చక్రం నేల మీద ఉంచి ముందూ వెనకా అడ్డుకట్టలు పెట్టండి, రెండోది స్టాండు మీద ఎత్తండి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలి, ఎత్తిన చక్రం హబ్‌ను టార్క్ రెంచితో తిప్పండి. బిగువు ఒకే తీరుగా ఉండి, మాన్యువల్‌లో చెప్పిన అంకెకు తగ్గకపోతే పళ్లేలు బాగున్నట్టే. చేతితోనే సులువుగా తిరిగిపోతే అరిగిపోయాయి. అప్పుడు పళ్లేల సెట్టు మార్చినా చాలు. వాటికి గేరు నూనెలో ఘర్షణను సరిచేసే ద్రవం కలపాలి, మరిచిపోతే మలుపుల్లో పళ్లేలు కీచుమంటాయి.

మలుపుల రోడ్ల మీద, రేస్ ట్రాక్ మీద కూడా నడపాలని ఉంటే టార్సెన్‌కు డబ్బు పెట్టవచ్చు. దానిలో అరిగే పళ్లేలు ఉండవు. ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే మాత్రం మామూలు డిఫరెన్షియల్‌లాగే రెండో చక్రానికి తోపుడు అందదు. దాన్ని బిగించే పని ఇంట్లో వద్దు. పినియన్ (డిఫరెన్షియల్‌లోని చిన్న గేరు) బిగువు, పళ్ల మధ్య సందు కొలిచి, పళ్లకు పసుపు పేస్టు పూసి తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడుతోందో లేదో చూసే ఓపిక ఉన్న మెకానిక్‌కే ఇవ్వండి. ఆ అచ్చు ఫోటో అడిగి తీసుకోండి. ఇవ్వడానికి వెనకాడితే ఇంకో చోటు చూసుకోండి. కొత్త గేర్లు వేస్తే మొదటి 800 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి నూనె మార్చండి.

ప్రశ్న అడిగినవారు

పరీక్ష చేశాను, బిగువు ఒకే తీరుగా ఉంది, మాన్యువల్ అంకె కంటే ఎక్కువే వచ్చింది. టార్సెన్ ఆలోచన ప్రస్తుతానికి మానేశాను, పాలీ బిళ్లలకు ఆర్డరు పెట్టాను. సబ్‌ఫ్రేము బోల్టులు మళ్లీ ఒకసారి బిగింపు చూడాలా?

జవాబు (డెట్రాయిట్ నుంచి)

చూడాలి. పాలీ బిళ్లలు వేసే రోజునే తెల్ల గీతలు కలిసే ఉన్నాయా అని చూసి, నాలుగు బోల్టులకూ రెంచి పెట్టండి.